కారు కడిగాక మరకలు పడకుండా తుడవాలంటే: తడి మీద స్ప్రే వ్యాక్స్ వాడే పద్ధతి

"కారు శుభ్రంగానే కడుగుతున్నానండీ. ఆరాక చూస్తే బానెట్ నిండా తెల్ల చుక్కలు. షాంపూ మార్చినా అంతే." వైజాగ్‌లో సొంతంగా కారు కడుక్కునేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. దాని వెనకే ఇంకోటి వస్తుంది: "స్ప్రే వ్యాక్స్ కొన్నాను. కొట్టి తుడిస్తే అద్దం మీద నూనె చెయ్యి పెట్టినట్టు మసకమసకగా ఉంది. డబ్బులు దండగేనా?"

రెండింటికీ మందు ఒకటే. కారు తడిగా ఉండగానే, చాలా తక్కువ వ్యాక్స్ కొట్టి, నీళ్లతో కలిపి తుడిచేయాలి. చాలామంది ముందు కారంతా తుడిచి, బాగా ఆరనిచ్చి, అప్పుడు తీరిగ్గా డబ్బా తీస్తారు. అప్పటికే చుక్కలు పడిపోయి ఉంటాయి. వ్యాక్స్ వాటిని పోగొట్టదు, వాటి మీద ఒక పొర వేస్తుంది, అంతే.

ఎందుకు పనిచేస్తుందో రెండు ముక్కల్లో: వ్యాక్స్ కలిసిన నీటి మీద గుడ్డ జారుతుంది కాబట్టి పెయింట్ మీద సన్న గీతలు తక్కువ పడతాయి. నీళ్లు పెయింట్‌కి అతుక్కోకుండా విడిపోతాయి కాబట్టి ఆ నీళ్లలోని ఉప్పులు అక్కడే ఎండిపోయేలోగా గుడ్డలోకి వచ్చేస్తాయి. కొన్ని వారాల పాటు ఉండే పల్చటి రక్షణ పొర అదనం.

కావలసినవి

స్ప్రే వ్యాక్స్ ఒక డబ్బా. టర్టిల్ వ్యాక్స్, మెగ్వయర్స్, వేవెక్స్ లాంటివి ఆన్‌లైన్‌లోనూ, కారు యాక్సెసరీల షాపుల్లోనూ దొరుకుతాయి. కార్నోబా (ఒక తాటిజాతి చెట్టు ఆకుల మైనం) అయినా, పాలిమర్ అయినా, సిరామిక్ అని రాసినవైనా ఈ పనికి వస్తాయి. కొనేముందు డబ్బా వెనక తడి మీద కొట్టొచ్చని ఉందో లేదో చదవండి. ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. కొన్ని కొట్టి తుడిచే రకం, కొన్ని కొట్టి మళ్లీ నీళ్లతో కడిగేసే రకం. మెగ్వయర్స్ హైబ్రిడ్ సిరామిక్ వ్యాక్స్ రెండో రకం: తడి మీద కొట్టి, పైపుతో గట్టిగా నీళ్లు పట్టి, ఆ తర్వాతే తుడవాలి. కింద రాసిన పద్ధతి మొదటి రకానిది, దీనికి వాడితే మరకలు తప్పవు.

గుడ్డలు రెండు రకాలు. నీళ్లు పీల్చడానికి పెద్ద డ్రయింగ్ టవల్ ఒకటి. మెలితిప్పిన పోగులతో మందంగా ఉండే రకం అయితే మంచిది. చివర్లో మెరుగు పెట్టడానికి 350 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల్లో గుడ్డ బరువు) అటూఇటూ ఉండే మామూలు మైక్రోఫైబర్ గుడ్డలు రెండు. కొత్త గుడ్డని ఒకసారి ఉతక్కుండా వాడకండి. నీళ్లు సరిగ్గా పీల్చదు, నూగు రాలుతుంది.

కార్ షాంపూ, రెండు బకెట్లు, కడిగే గ్లవ్, నీళ్ల పైపు. పాత బనియన్లు, లుంగీ ముక్కలు, పసుపు రంగు డస్టర్ గుడ్డలు టైర్లకి పనికొస్తాయి, పెయింట్ దగ్గరికి రానివ్వొద్దు.

ముందు మీ నీళ్ల సంగతి చూడండి

సగం మంది సమస్య ఇక్కడే ఉంది. వ్యాక్స్ ఎంత మంచిదైనా నీళ్లు చెడ్డవైతే మీరు గడియారంతో పోటీ పడాల్సిందే. జీవీఎంసీ (మన నగరపాలక సంస్థ) కుళాయి నీళ్లు రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ లాంటి రిజర్వాయర్ల నుంచి వస్తాయి. కారుకి బోరు నీళ్ల కంటే చాలావరకు మెరుగు. కానీ అపార్ట్‌మెంట్ సెల్లార్లో పైపుకి వచ్చేది ఎక్కువగా బోరు నీళ్లే. సముద్రానికి దగ్గర కాలనీల్లో అయితే ఆ బోరుకి ఉప్పదనం కూడా తోడవుతుంది.

నీళ్లలో ఎన్ని ఉప్పులు కరిగి ఉన్నాయో చూపే టీడీఎస్ మీటర్ కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది. ముంచి చూడండి. తాగేనీటికి మన దేశ ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు. తాగడానికి సరే, పెయింట్‌కి అది చాలా ఎక్కువ. అలాంటి నీళ్లు ఒక లీటరు కారు మీదే ఆవిరైతే అర గ్రాము ఉప్పులు కారు మీదే మిగులుతాయి. వంద లోపు ఉంటే నిశ్చింత. మూడొందలు దాటితే ఒక్కో భాగం తుడుచుకుంటూ త్వరగా సాగాలి.

నీళ్లు ఆదా చేద్దామని ఆర్ఓ ఫిల్టర్ నుంచి వృథాగా పోయే నీళ్లు పట్టి కారు కడిగేవాళ్లున్నారు. ఉద్దేశం మంచిదే గానీ, వడగట్టి తీసేసిన ఉప్పులన్నీ ఆ నీళ్లలోనే చేరతాయి. బాత్‌రూమ్ కడగడానికి వాడండి. అదే ఏసీ పైపు నుంచి కారే నీళ్లయితే గాలిలోని తేమ నీరైనవి కాబట్టి వాటిలో ఉప్పులు దాదాపు ఉండవు. మన ఊరి ఉక్కకి ఏసీ కింద బకెట్ పెడితే రాత్రికి బాగానే చేరుతుంది. పల్చటి గుడ్డలో వడగట్టి, చివర్లో రూఫ్ మీద నుంచీ బానెట్ మీద నుంచీ మగ్గుతో పోయండి. బోరు నీళ్లకి ఇంతకంటే చవకైన విరుగుడు లేదు.

పద్ధతి

1. నీడ, చల్లటి రేకు. అరచేతి వెనకవైపు బానెట్‌కి ఆనించండి. వెచ్చగా తగిలితే ఆగాలి. బీచ్ రోడ్, ఎంవీపీ కాలనీ, రుషికొండ వైపు తూర్పు ముఖంగా పార్క్ చేసేవాళ్లకి పొద్దున్న ఆరున్నరకే ఎండ సూటిగా కారు మీద పడుతుంది. "పొద్దున్నే కదా" అనుకోవద్దు. సెల్లార్ ఉంటే సెల్లార్లో, లేదంటే సాయంత్రం భవనం నీడ పడ్డాక. బయట తిరిగొచ్చిన బండికి బానెట్ చల్లబడేదాకా టైమివ్వండి.

2. ముందు నీళ్లు మాత్రమే. గుడ్డ పెట్టకుండా పైనుంచి కిందికి బాగా నీళ్లు పట్టండి. సముద్రపు గాలికి రాత్రంతా నిలబడ్డ కారు మీద ఉప్పు పొర ఉంటుంది. కాన్వెంట్ జంక్షన్, జ్ఞానాపురం, మల్కాపురం వైపు పార్క్ చేస్తే పోర్టు నుంచి ఎగిరొచ్చే బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము కూడా ఉంటుంది. దాన్ని నీళ్లతో దింపకుండా తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే.

3. షాంపూతో కడగడం. ఒక బకెట్‌లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో మామూలు నీళ్లు. ప్రతి భాగం అయ్యాక గ్లవ్‌ని మామూలు నీళ్లలో జాడించి, అప్పుడు షాంపూలో ముంచాలి. చక్రాలు చివర్లో, వేరే గుడ్డతో. గిన్నెల లిక్విడ్, బట్టల సబ్బు పొడి వద్దు. ఉన్న వ్యాక్స్‌ని కూడా అవే ఊడ్చేస్తాయి.

4. నురగ మొత్తం పోయాక పైపు చివర ఉన్న స్ప్రే గన్ తీసేయండి. ఒట్టి పైపుతో, ఒత్తిడి లేకుండా, రూఫ్ మధ్య నుంచి నీళ్లు ధారగా వదలండి. నీళ్లు దుప్పటిలా కలిసి జారిపోతూ చుక్కల్ని తమతో లాక్కుపోతాయి. ఒక నిమిషం పని. ఇది చేస్తే తుడవాల్సిన నీళ్లు సగానికి సగం తగ్గిపోతాయి. ఏసీ నీళ్లు పోసేవాళ్లు దీని తర్వాత పోయాలి.

5. తడి చేత్తో బానెట్ నిమరండి. గరుకుగా తగిలితే ఇంకా మురికి ఉంది. ఇసుకలా తగిలితే మళ్లీ కడగండి. అతుక్కుపోయిన బొడిపెల్లా తగిలితే, తెల్ల కారు మీద నారింజ రంగు చుక్కలు కనిపిస్తే, అది ఇనుప రేణువు. గాజువాక, స్టీల్ ప్లాంట్ వైపు ఉండేవాళ్లకి ఇది బాగా తెలిసిన తలనొప్పి. స్ప్రే వ్యాక్స్ దాన్ని తీయదు. ఐరన్ రిమూవర్ కొడితే ఊదా రంగుకి తిరిగి కరుగుతుంది. ఆ పని ఒక రోజు వేరేగా పెట్టుకోండి.

6. డబ్బా బాగా ఊపి, రూఫ్‌తో మొదలుపెట్టండి. ఒక భాగం మీద, నీటి చుక్కలు ఉండగానే, అడుగు దూరం నుంచి రెండు నొక్కులు. బానెట్ పెద్దది కాబట్టి మూడు. డోర్‌కి ఒకటో రెండో. కారంతా ఒకేసారి కొట్టేసి తర్వాత తుడవడం మొదలుపెట్టకండి. రూఫ్ తుడిచేలోగా డోర్ల మీద ఎండిపోతుంది. గాలి ఎక్కువగా ఉన్నప్పుడు కారు మీద కాకుండా గుడ్డ మీదే కొట్టండి. మన బీచ్ గాలికి సగం వ్యాక్స్ పక్కవాళ్ల బండికి పోతుంది మరి.

ఎంత ఖర్చవుతుందంటారా? ఒక నొక్కుకి సుమారు ఒక మిల్లీలీటరు. చిన్న కారుకి ఇరవై, ఇరవై అయిదు నొక్కులు చాలు. 473 మి.లీ. డబ్బా పదిహేను ఉతుకులకి పైనే రావాలి. మీది నాలుగైదు సార్లకే అయిపోతోందంటే మరకలకి కారణం వెతకనక్కర్లేదు.

7. డ్రయింగ్ టవల్‌ని వెడల్పుగా పరిచి, రెండు కొసలు పట్టుకుని మెల్లగా మీ వైపు లాగండి. రుద్దొద్దు, గుండ్రంగా తిప్పొద్దు, నొక్కొద్దు. గుడ్డ బరువే చాలు. నిలువుగా ఉండే డోర్లకి గుడ్డని నాలుగు మడతలు పెట్టి పైనుంచి కిందికి. వ్యాక్స్ సరిగ్గా పడిందో లేదో ఇక్కడే తెలుస్తుంది: గుడ్డ ఎక్కడా పట్టుకోకుండా జారాలి, వెనకాల సన్నటి తడి పొర మాత్రమే మిగలాలి, అదీ చూస్తుండగానే ఆరిపోవాలి. పట్టుకుంటోందంటే ఇంకో నొక్కు కొట్టండి. వెనక తెల్లటి చార మిగులుతోందంటే ఎక్కువైంది.

8. వెంటనే పొడి మైక్రోఫైబర్ గుడ్డతో ఆ భాగాన్ని ఒకసారి తేలిగ్గా తుడవండి. పొడి ఊళ్లలో ఈ మెట్టు మానేసినా నడుస్తుంది. మన దగ్గర మానకండి. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి వ్యాక్స్‌లోని నీళ్లు ఆరడం ఆలస్యమవుతుంది, పైకి ఆరినట్టున్నా మసక మిగులుతుంది. ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా ఉండే ఉక్కపోతలో ఇది మరీ ఎక్కువ.

9. వరస: రూఫ్, బానెట్, డిక్కీ, డోర్ల పైభాగాలు, డోర్ల కింది భాగాలు, బంపర్లు. కింది భాగాల్లో ఎంత కడిగినా కాస్త మట్టి ఉంటుంది, అందుకే చివరికి. బంపర్ తుడిచిన గుడ్డతో మళ్లీ బానెట్ మీదకి వెళ్లొద్దు.

10. అద్దాల పక్కన, డోర్ హ్యాండిళ్ల వెనక, డిక్కీ సందులో నీళ్లు దాక్కుంటాయి. డోర్లూ డిక్కీ ఒకసారి తెరిచి మూసి, కారిన నీళ్లు అద్దండి. చేతి బ్లోయర్ ఉంటే ఈ పనికి దాన్ని మించింది లేదు. అయ్యాక వీధి చివరిదాకా నడిపి నాలుగైదు సార్లు బ్రేక్ వేసి రండి. తడి డిస్కులు ఈ గాలికి రాత్రికి రాత్రే ఎర్రటి తుప్పు పూత ఎక్కుతాయి.

కొట్టకూడని చోట్లు

ముందు అద్దం. వ్యాక్స్ పడితే వైపర్ టకటక ఎగురుతూ తిరుగుతుంది, రాత్రి వానలో ఎదుటి లైట్లు చెదిరి కనిపిస్తాయి. పొరపాటున పడితే అద్దాల లిక్విడ్‌తో వెంటనే తుడిచేయండి. బ్రేక్ డిస్కులు, టైర్లు, స్టీరింగ్, పెడళ్ల దగ్గరకి అసలు వద్దు. నల్ల ప్లాస్టిక్ భాగాల మీద కొన్ని రకాలు ఎండాక తెల్లటి మరక వదులుతాయి. డబ్బా మీద ట్రిమ్‌కి (అంటే ఈ ప్లాస్టిక్ భాగాలకి) పనికొస్తుందని లేకపోతే ఆ చోట్లు వదిలేయండి.

మ్యాట్ పెయింట్ ఉన్న కార్లకి ఇది కాదు, వాటికి వేరే ఉత్పత్తులున్నాయి. బాడీషాపులో ఈమధ్యే పెయింట్ వేయించిన భాగం ఉంటే నెలా రెండు నెలలు ఆగండి, పెయింట్ లోపలి ద్రావకాలు బయటికి పోవాలి. సిరామిక్ కోటింగ్ వేయించిన కారుకైతే సిలికా ఉన్న స్ప్రే వాడండి, కార్నోబా రకం ఆ కోటింగ్ నీళ్లని విదిలించే గుణాన్ని కాస్త మందగింపజేస్తుంది.

స్కూటర్, బుల్లెట్ ఉన్నవాళ్లూ అడుగుతుంటారు. ట్యాంకుకీ మడ్‌గార్డులకీ నిస్సందేహంగా వాడొచ్చు, గుడ్డ మీద కొట్టుకుని తుడవండి. సీటు మీద పడితే జారిపోతారు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

మురికి కారు మీద కొట్టి తుడవడం అన్నింటికంటే ఘోరం. "కొంచెం దుమ్మే కదా" అని కడగకుండా స్ప్రే కొడతారు. గీతలు అప్పుడే కనిపించవు, ఎండలో నిలబెట్టిన రోజు సాలెగూడులా బయటపడతాయి.

ఇదే సంగతి అపార్ట్‌మెంట్లలో రోజూ జరుగుతోంది. వాచ్‌మన్ ఒక బకెట్, ఒక గుడ్డతో పొద్దున్నే సెల్లార్లోని కార్లన్నీ తుడిచేస్తాడు. మొదటి కారు మట్టి ఆఖరి కారుకి చేరుతుంది. చెబితే "ఏటి సార్, రోజూ తుడిస్తే పాడవుద్దా!" అంటాడు. అతన్నీ తప్పుపట్టలేం, పని మానిపించడమూ బాగోదు. జీతం అలాగే ఇస్తూ, అద్దాలూ చక్రాలూ తుడవమని, పెయింట్‌ని నీళ్లు పోసి వదిలేయమని చెప్పి చూడండి. మీరు నెలకి రెండుసార్లు పడే శ్రమకి అప్పుడే విలువ.

మరక కనిపిస్తే మళ్లీ వ్యాక్స్ కొట్టడం రెండో పొరపాటు. మరక ఎక్కువ వ్యాక్స్ వల్ల వచ్చింది, ఇంకా వేస్తే ఎలా పోతుంది? మైక్రోఫైబర్ గుడ్డని మంచి నీళ్లలో ముంచి గట్టిగా పిండి, ఆ చోట తుడిచి, వెంటనే పొడి గుడ్డ పెట్టండి.

గుడ్డ నిండిపోయినా గమనించకపోవడం ఇంకోటి. నీళ్లు పీల్చకుండా అటూఇటూ నెడుతోందంటే పిండండి, లేదా రెండోది తీయండి.

మెరుపు కోసం డీజిల్, కిరోసిన్, కొబ్బరినూనె పూసే అలవాటు ఇంకా పోలేదు. గంటసేపు తళతళలాడుతుంది. తర్వాత ఎన్ఏడీ జంక్షన్ దాకా వెళ్లొచ్చేసరికి ఊళ్లో దుమ్మంతా మీ బానెట్ మీదే ఉంటుంది.

ఇక తెల్ల చుక్కలు ముందే పడి ఉంటే? అద్దాల మీదవైతే వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, గుడ్డతో కాసేపు అద్ది, బాగా కడిగేయండి. పెయింట్ మీదవైతే ఒక చిన్న మూల ప్రయత్నించి, నిమిషం దాటనివ్వకుండా కడగండి. అయినా పోకపోతే పెయింట్‌లోకి దిగిందని అర్థం. అది పాలిష్ పని.

బాగా వచ్చిందో లేదో ఎలా చూడాలి

ముదురు రంగు కారైతే ఫోన్ టార్చ్ వేసి పక్కవాటంగా చూడండి. చారలుంటే కనబడతాయి. తెల్ల కారుకి టార్చ్ అంతగా పనిచేయదు; సెల్లార్ ట్యూబ్‌లైట్ ప్రతిబింబం బానెట్ మీద ఎక్కడైనా చెదురుతోందేమో చూడండి.

వ్యాక్స్ అసలు ఏమైనా చేస్తోందా అని అనుమానం ఉంటే, బానెట్ మధ్యలో గీత ఊహించుకుని ఒక సగానికి కొట్టి తుడవండి, ఇంకో సగం ఒట్టి గుడ్డతో తుడవండి. తేడా గుడ్డ పట్టుకున్న చేతికే తెలుస్తుంది. తర్వాతి వానకో, తర్వాత కడిగినప్పుడో చూస్తే వ్యాక్స్ ఉన్నవైపు నీళ్లు గుండ్రటి పూసల్లా నిలుస్తాయి, లేనివైపు పలకలుగా పరుచుకుంటాయి. ఆ పరీక్ష కోసం తుడిచిన వెంటనే నీళ్లు చల్లకండి, పొర కుదురుకోవడానికి కొన్ని గంటలు కావాలి.

డబ్బా మీద నెలల లెక్క ఏది రాసినా, పూసలు చదునుగా మారుతున్నాయంటే మళ్లీ వేసే టైమొచ్చినట్టే. ఆరుబయట, సముద్రానికి ఎదురుగా పెట్టే కార్లకి అది తొందరగా వస్తుంది. ప్రతి ఉతుకుకీ వాడితే ఈ లెక్కలేవీ అక్కర్లేదు. అయితే పూసలు నిలిచే కారు మీద బోరు నీళ్లు చిలికి వదిలేయొద్దు. ఒక్కో పూసా ఒక్కో గుండ్రటి మచ్చగా ఎండుతుంది.

స్ప్రే వ్యాక్స్ అయిపోతే, పైపే లేకపోతే

వ్యాక్స్ అయిపోతే క్విక్ డిటైలర్ (మెరుపు కోసం కొట్టి తుడిచే పల్చటి స్ప్రే) ఇదే పద్ధతిలో వాడొచ్చు. రక్షణ తక్కువ, గుడ్డ జారడం అదే. పైపు పెట్టనివ్వని అపార్ట్‌మెంట్లలో రిన్స్‌లెస్ వాష్ లిక్విడ్ (తర్వాత మళ్లీ నీళ్లు పట్టక్కర్లేని రకం) ఒక బకెట్ నీళ్లలో కలిపి, తడి మైక్రోఫైబర్ గుడ్డలతో ఒక్కో భాగం తుడుస్తూ, ప్రతి భాగానికీ మీద చెప్పినట్టే ఒకటి రెండు నొక్కులు కొట్టి పొడి గుడ్డ పెట్టండి. దుమ్ము మరీ పేరుకున్న కారుకి మాత్రం ఇది వద్దు, ముందు ఎక్కడైనా వాటర్ వాష్ చేయించండి. అక్కడ వాళ్ల గుడ్డతో తుడవనివ్వకుండా, మీ డబ్బా, మీ టవల్ తీసుకెళ్లి తడి మీద మీరే తుడుచుకుంటే సరి.

గుడ్డల సంగతి

వ్యాక్స్ పట్టిన గుడ్డల్ని అదే రోజు ఉతకండి. ఎండిపోతే పోగులు బిరుసెక్కి, తర్వాతిసారి నీళ్లు పీల్చవు. లిక్విడ్ డిటర్జెంట్, మామూలు నీళ్లు చాలు. ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయొద్దు, పోగుల మీద పొర కట్టేస్తుంది. తువ్వాళ్లతో, నూలు బట్టలతో కలిపి వేస్తే వాటి నూగంతా దీనికి అంటుకుంటుంది. మేడ మీద పిట్టగోడకి ఆరేయొద్దు, ఉప్పు గాలీ దుమ్మూ పట్టి అదే గుడ్డ కారు మీదకి వస్తుంది. ఇంట్లో ఫ్యాన్ కింద ఆరేసి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. తుడుస్తుండగా చేజారి నేల మీద పడిన గుడ్డని దులిపి మళ్లీ పెయింట్ మీద పెట్టకండి. ఆ రోజుకి అది చక్రాల గుడ్డ.